పునాది గుంతలో పెట్టిన కాగితం

వకీలుకు రిటైర్మెంటు లేదంటారు. ఎందుకు లేదు, మోకాళ్ళు ఇస్తాయి. కోవిల్‌పట్టి కోర్టు మెట్లు ఎక్కలేక రెండేళ్ళ కిందట నల్లకోటు మడిచి పెట్టెలో పెట్టేశాను. ముప్పై ఏడేళ్ళు ఆ కోటులోనే ఉడికాను కాబట్టి దాన్ని చూస్తే బెంగేమీ రాలేదు, చెమట వాసన గుర్తొచ్చింది.

ఈమధ్య కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన ఒకమ్మాయి బస్టాండులో నిలబడి ఫోన్ చేసింది. "మేడమ్, ప్లాటు మోసం కేసు వచ్చింది, ఏ సెక్షన్ కింద వేయాలి?" అని. సెక్షన్ చెప్పడానికి అర నిమిషం పట్టింది. మిగతాది చెప్పబోయేసరికి ఆమెకు బస్సు వచ్చేసింది. ఆ మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

తమిళనాట మా ఇళ్ళలో తెలుగు నోటి మాటే, రాత అంతా తమిళమే. తిరుపతిలో లా చదివిన మూడేళ్ళలో హాస్టల్ స్నేహితురాలు నాకు అక్షరాలు దిద్దబెట్టింది. తప్పులుంటే ఆమెను తిట్టుకోండి.

మూడు తలుపులు

సాత్తూరు నుంచి కోవిల్‌పట్టి దాకా హైవేకి అటూ ఇటూ చూడండి. నిన్నటిదాకా పత్తో మినుమో పండిన నల్లరేగడిలో ఒక పొద్దున లేచేసరికి పసుపు రంగు రాళ్ళు పాతి ఉంటాయి. జెండాలు, ఒక ఆర్చీ, ఆర్చీ మీద ఏదో నగర్ అని పేరు. ఆదివారం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వాళ్ళుండే వీధికి వ్యాను వస్తుంది. ఎక్కినవాళ్ళకు పులిహోర పొట్లం, చేతికో రంగుల బ్రోచర్. అందులో తారు రోడ్డు ఉంటుంది, వీధి దీపాలుంటాయి, నీళ్ళ ట్యాంకు ఉంటుంది, సర్కారు అప్రూవల్ ఉందని పెద్ద అక్షరాలతో ఉంటుంది. రిజిస్టరయ్యే పత్రంలో మాత్రం వీటిలో ఒక్కటీ ఉండదు. అక్కడ ఒకటే మాట, పుంజ. అంటే మెట్ట సేద్యపు నేల. రిజిస్ట్రారు కాగితం చూస్తాడు గానీ భూమి చూడడు. అది అతని పని కూడా కాదు.

మోసపోయామని తెలిశాక కొన్నవాళ్ళకు మూడు తలుపులున్నాయి. మొదటిది పోలీసులు. "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి" అంటారు. పదిసార్లు తిరిగితే ఒకసారి రాసుకుంటారు. రెండోది సివిల్ కోర్టు. పత్రం రద్దు చేసి డబ్బు వెనక్కి ఇప్పించమని దావా వేయొచ్చు. మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్ళ గడువు. తీర్పుకు మాత్రం గడువు లేదు. మూడోది కన్స్యూమర్ ఫోరం. ఖర్చు తక్కువ, గడువూ తక్కువే, రెండేళ్ళు. అక్కడొక మెలిక ఉంది. ఉత్తి నేల అమ్మితే ఫోరం పట్టించుకోదు. రోడ్డు వేస్తాం, దీపాలు పెడతాం, అప్రూవల్ తెస్తాం అని మాటిచ్చి అమ్మితేనే అది సేవ కిందికి వస్తుంది. ఆ మాట ఇచ్చారని రుజువు పత్రంలో దొరకదు, బ్రోచర్‌లో దొరుకుతుంది. కాబట్టి ప్లాటు కేసుతో ఎవరొచ్చినా పేరు అడగక ముందే బ్రోచర్ అడగండి. ఈ ముక్క నేను గురువమ్మ అనే క్లయింటు దగ్గర నేర్చుకున్నాను. ఆ చదువుకు ఫీజు ఆమే కట్టింది.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట. ఈ సామెత మా నాయన నేను లా చదవడానికి బయల్దేరిన రోజే చెప్పాడు. విన్నానా?

మా సీనియర్ చెప్పు

మా సీనియర్ పేరు రాయను. పిల్లలున్నారు, నొచ్చుకుంటారు. పరమ పిసినారి. పొగడ్తలో ఇంకా పిసినారి. ఆడపిల్లనని ఐదేళ్ళపాటు నన్ను జడ్జి ముందు నోరు తెరవనివ్వలేదు, ఆయన గొడుగు మోయించాడు. అందుకు ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఒక పని నేర్పాడు. నేల తగాదా వస్తే ఆ నేలకు వెళ్ళి నిలబడకుండా ఒక్క కాగితం రాయనిచ్చేవాడు కాదు.

ఒకసారి కడంబూరు దాటాక ఒక ప్లాటు చూడ్డానికి వెళ్ళాం. ముందురోజు వాన. రేగడి సంగతి మీకు తెలుసు కదా, తడిస్తే జిగురు, ఎండితే బీటలు. ఆయన కాలు మడమ దాకా దిగబడింది, చెప్పు లోపలే ఉండిపోయింది. చెయ్యి పెట్టి లాగుతూ అన్నాడు, "చూస్తివా అమ్మణ్ణీ, చెప్పునే వదలని మన్ను మనిషిని వదులుతుందా? ఈడ ఇల్లు కడతామని వచ్చినోడు ఇల్లూ కట్టడు, ఊరికీ పోడు. కోర్టు చుట్టూ తిరుగుతాడు."

ఆయన పోయాక ఆ అలవాటు నేను సగమే నిలబెట్టుకున్నాను. నేలను చూసేదాన్ని. చుట్టుపక్కల మనుషుల్ని అడిగేదాన్ని కాదు. టైము లేదనుకునేదాన్ని.

గురువమ్మ

ఆమె కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు చట్రాల్లో పేర్చే పని చేసేది. నలభై దాటిన మనిషి. మొగుడు రామసామి మందు కలిపే గదిలో పనిచేసి పనిచేసి ఊపిరి చెడగొట్టుకున్నాడు. ఒకే వరుసలో ఎనిమిది గదులున్న లైన్ ఇంట్లో వాళ్ళది చివరి గది, అద్దెకు.

మొదటిరోజు నా ఆఫీసుకొచ్చి తమిళంలో మొదలుపెట్టింది. నేను తెలుగులో జవాబిచ్చేసరికి ముఖం వికసించింది. "అయ్యో, మీరు మనోళ్ళేనా! అట్లయితే అక్కా అంటా, ఒప్పుకుంటావా?" అంది. ఆ మాటకు నాకు మొదట సంతోషం వేసింది. ఆమె కథంతా విన్నాక భయం వేసింది. ఎందుకంటే ఆమె మోసపోయింది సరిగ్గా అక్కడే.

ఆ వ్యానులో వచ్చిన ఏజెంటు పేరు సీని. విరుదునగర్‌లో ఆఫీసున్న ఒక ప్లాట్ల వ్యాపారికి మనుషుల్ని తెచ్చిపెట్టేవాడు. ఇంటి తెలుగు మాట్లాడేవాడు. ఆడవాళ్ళందరినీ వదినా అని పిలిచేవాడు. తెల్లవారి లేస్తే అంగట్లో, బస్సులో, ఫ్యాక్టరీలో తమిళం మాట్లాడే జనం మేము. గడప లోపల మాట్లాడే మాట బయట ఎవరైనా మాట్లాడితే, వాడు గడప లోపలి మనిషే అనిపిస్తుంది మాకు. వాణ్ణి కాగితం చూపించమని అడగాలంటే సిగ్గు. ఆ ఫ్యాక్టరీలోనే ఆరుగురు ఆడవాళ్ళు కొన్నారు.

గురువమ్మ తెలివితక్కువది కాదు. తమిళం కూడబలుక్కుని చదవగలదు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో పత్రం చేతికిచ్చినప్పుడు పుంజ అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగింది.

"సీనీ, ఇది చేనికి రాసేది గదా? మనది ఇంటి చోటు గదా?"

"వదినా, అది తాతల కాలం పేరు. ఊరికే అట్ల రాస్తారు. నీ మరిది నిన్ను ముంచుతాడా?"

సంతకం పెట్టేసింది.

ఏడాదిన్నర తర్వాత, చేతిలో ఉన్నదంతా పోసి మోకాలెత్తు పునాది లేపింది. అప్పుడు పంచాయతీకి వెళ్ళి ఇంటి ప్లాను ఇస్తే, ఆ లేఅవుట్‌కి అప్రూవలే లేదన్నారు. అది సేద్యపు నేలే. హైవే నుంచి ప్లాటుకు బ్రోచర్‌లో చూపించిన రోడ్డు, ఇంకో రైతు పట్టాలో ఉన్న పొలం. ఆ రైతు అడ్డంగా కంప కొట్టేశాడు.

"డబ్బు వెనక్కి ఇప్పిస్తే చాలా గురువమ్మా?" అని అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత చెప్పింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఆమె అత్త ఆసుపత్రిలో పోయింది. పీనుగను గదిలోకి తేకూడదు, వేరే కాపురాలు భయపడతాయి, మళ్ళీ ఎవరూ అద్దెకు రారు అన్నాడు లైన్ ఇంటి యజమాని. సందులో బెంచీ వేసి, పైన టార్పాలిన్ కట్టి పండబెట్టారు. వాన పడింది. సైకిళ్ళు పక్కనుంచి బెల్లు కొట్టుకుంటూ పోయాయి. తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్న రామసామి ఆ పొద్దు పెళ్ళాన్ని ఒకటే అడిగాడు.

"నన్ను సందులో పండబెట్టొద్దని అడిగినాడక్కా. ఆయప్ప ఊపిరి నాకి తెలుసు, ఎక్కువ దినాలు లేవు. ఇల్లు నాకి బతికేదానికి కాదు. ఆయప్పని లోపల పండబెట్టేదానికి ఒక వాకిలి కావాల. అంతే."

నేను ముప్పై ఏళ్ళుగా ఫిర్యాదుల చివర 'మనోవేదనకు నష్టపరిహారం' అని ఒక లైను రాస్తున్నాను. ఆ లైనుకు అర్థం ఆ రోజు తెలిసింది.

నేను రాసిన వాక్యం

బ్రోచర్ ఏదమ్మా అంటే, గుంతలో ఉందక్కా అంది.

ముగ్గు పోసి పునాది తీసిన రోజు సీని కూడా వచ్చాడట, పెద్దమనిషిలాగా. ఈశాన్యం మూల గుంతలో నవధాన్యాలు, నాణెం, పసుపు కుంకుమ వేస్తుంటే ఆమె సంచిలో బ్రోచర్ చూశాడు. దాని నెత్తిన అమ్మవారి బొమ్మ అచ్చేసి ఉంది. "వదినా, సామి బొమ్మ ఉండే కాయితం కాళ్ళ కింద పడకూడదు. పారేస్తే పాపం. గుంతలో పెట్టు, ఇంటికి కాపు" అన్నాడు. మావాళ్ళు దేవుడి బొమ్మ ఉన్న పెళ్ళి పత్రికను కూడా చెత్తలో వేయరు. ఆమె దండం పెట్టుకుని, పసుపు పూసి, మడిచి గుంతలో పెట్టింది. మిగతా ఐదుగురి బ్రోచర్లు, అప్రూవల్ స్టాంపు వేయించి తెస్తానని సీనియే పట్టుకెళ్ళాడు. ఆ ఐదుగురూ సాక్ష్యానికి రాలేదు. సీని బావమరిది ఆ ఫ్యాక్టరీలోనే సూపర్‌వైజరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండినప్పుడు వకీలు కలం పట్టకూడదు. నేను పట్టాను. వ్యాపారికి పంపిన లీగల్ నోటీసులో ఇలా రాశాను: 'నా క్లయింటు రిజిస్ట్రేషన్ రోజునే పుంజ అన్న మాటను చూసి ప్రశ్నించగా, మీ ఏజెంటు మాయమాటలతో ఆమెను నమ్మించాడు.' ఎంత బాగా రాశానో అనుకున్నాను. ఆమె జాగ్రత్త, వాళ్ళ కపటం, రెండూ ఒక్క వాక్యంలో వచ్చాయని మురిసిపోయాను.

నోటీసు అందగానే వ్యాపారి మనిషి రాజీకి రమ్మన్నాడు. మూడుసార్లు విరుదునగర్ వెళ్ళాం. మూడుసార్లూ అయ్యగారు ఊళ్ళో లేరు. అది పాత ఎత్తు, నాకు తెలిసిన ఎత్తే, అయినా ఆ చివరి గదిలో దగ్గుతున్న మనిషిని తలుచుకుని ఆశపడ్డాను. ఫోరంలో ఫిర్యాదు వేసేసరికి రిజిస్ట్రేషన్ జరిగి రెండేళ్ళ నాలుగు నెలలు. నేను కంగారుపడలేదు. పంచాయతీ కాదన్న రోజు నుంచే కదా లెక్క, అప్పుడే కదా మోసం తెలిసింది అనుకున్నాను. ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్ జత చేసి ఉంటే పోయేదేమీ లేదు, ఒక పేజీ. పెట్టలేదు. పొగరు.

అవతలి వకీలు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, లేచి నిలబడి నా నోటీసు నాకే చదివి వినిపించాడు. 'రిజిస్ట్రేషన్ రోజునే చూసి ప్రశ్నించగా.' ఆ రోజే ఆమెకు అనుమానం వచ్చిందని ఆమె వకీలే రాశారు, కాబట్టి గడువు ఆ రోజు నుంచే, అది దాటిపోయింది అన్నాడు. పైగా మేము ఏ రోడ్డూ ఏ దీపాలూ మాటివ్వలేదు, పుంజ నేలను పుంజ నేలగానే అమ్మాం, బ్రోచర్ ఉంటే చూపించండి అన్నాడు. వాయిదా అడిగి బయటికొచ్చాను.

గుంత తవ్వించిన రోజు

ఆ మధ్యాహ్నమే గురువమ్మను తీసుకుని ప్లాటుకు వెళ్ళాను. కంప పక్కనుంచి చీరలు చింపుకుంటూ దూరి వెళ్ళాం. గుంత తవ్వి ఆ కాగితం తీయమన్నాను.

ఆమె కదల్లేదు. "వద్దక్కా. పెట్టింది తీస్తే ఇల్లు నిలవదు."

"ఇల్లేదీ? నిలవకపోవడానికి ఇల్లెక్కడుంది?" అని అరిచాను.

నోరు జారడమంటే అదే. ఆమె నన్ను చూసింది.  కొంగు బిగించి, తనే కూర్చుని, పారతో ఆ మూల తవ్వింది. రెండు వానాకాలాలు తాగిన రేగడి. నాణెం దొరికింది. కాగితం ఉన్నచోట పసుపు రంగు మన్ను ముద్ద వచ్చింది. అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది. "ఇదేనక్కా, కోర్టులో ఇస్తే ఒప్పుకుంటారా?"

తర్వాత దాన్ని మళ్ళీ లోపలే పెట్టి మన్ను కప్పింది, దండం పెట్టుకుంది.

ఫిర్యాదు కొట్టేశారు. ఫోరాన్ని నేను తప్పుపట్టను. వాళ్ళ ముందున్న కాగితాలతో నేను జడ్జినైనా అదే రాస్తాను. మదురైలో అప్పీలు వేశాం. ఫీజు తీసుకోలేదని ఆమె నాకు దండాలు పెట్టేది. నా తప్పుకు నేను ఫీజెట్లా తీసుకుంటాను? నీ కేసు పోయింది నా వాక్యం వల్లే అని ఆమెకు చెప్పాను కూడా. "పోనీలే అక్కా, నా కోసరం కోపం వచ్చి రాస్తివి గదా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. వాయిదా మీద వాయిదా. ఈలోగా సివిల్ కోర్టు మూడేళ్ళూ దాటిపోయాయి. అప్పీలు ఇప్పటికీ నడుస్తోంది. ఫైలు వేరే వకీలుకు అప్పజెప్పాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. బ్రోచర్ మొదట అడగండి. నేలకు వెళ్ళండి, పక్క పొలం మనిషితో మాట్లాడండి. నోటీసులో మీ కోపం రాయకండి, తారీఖులు రాసేముందు పదిసార్లు ఆలోచించండి. రాజీ మాటలు జరుగుతున్నా ఫిర్యాదు వేసేయండి. ఆలస్యం లేదనిపించినా మన్నింపు పిటిషన్ పెట్టండి. ఇవన్నీ చేసినా గెలుస్తారని నేను మాట ఇవ్వను. చట్టంలో దారులున్నాయి. ఆ దారులు ఆగగలిగిన వాళ్ళకి. ఊపిరితిత్తులు ఆగవు.

వాకిలి

అప్పీలు నాలుగో వాయిదా రోజు పొద్దున్నే గురువమ్మ ఫోన్. ఏడవడం లేదు. "అక్కా, ఆయప్ప పోయినాడు. పెద్దాసుపత్రిలో ఉండాము. ఇంటి ఓనరు గదికి తేవద్దంటాండాడు. నేను కాటికి తీసుకుపోతా. నువ్వు వస్తావా?"

కాడు అంటే మా భాషలో చేను. ఆమె ఆ ప్లాటును కాడు అనడం నేను వినడం అదే మొదలు.

నేను వెళ్ళేసరికి పది దాటింది. ఆసుపత్రి వ్యాను హైవే పక్కన ఆగి ఉంది, కంప దాటి పోలేదు. ఆ పొలం రైతు వచ్చి నిలబడి ఉన్నాడు, తలపాగా చేతిలో పట్టుకుని. ఇన్నేళ్ళూ ఆయన్ని నేను కాగితాల మీదే చూశాను, 'దారికి అడ్డుపడిన పక్క పట్టాదారు' అని. ఆయన వంగి, రెండు చేతులతో కంప లాగి పక్కన పడేశాడు. చేతులు గీసుకుపోయాయి. తమిళంలో అన్నాడు, "ఈ పొద్దుకు పోండి. రేపు మళ్ళీ కట్టేస్తాను. నాకూ పిల్లలున్నారు." తర్వాత నన్ను చూసి, "దారి గురించి ఎవరూ వచ్చి నన్ను అడగలేదమ్మా. కోర్టు కాగితంలో నా పేరు మాత్రం రాశారు" అన్నాడు. 

వ్యాను అరక చాళ్ళ మీద పోదు కాబట్టి ఫ్యాక్టరీవాళ్ళు నలుగురు మోశారు. మోకాలెత్తు పునాది గోడలు, మధ్యలో గడ్డి మొలిచింది. గురువమ్మ ముందే వచ్చి లోపల గడ్డి పీకి, ఊడ్చి, చాప వేసి ఉంచింది. ఎండ మాడుతోంది. మోసేవాళ్ళు దగ్గరి దారని పక్క గోడ మీదుగా కాలు ఎత్తి దాటబోయారు.

"ఏయ్! ఆగండి!" అని అరిచింది గురువమ్మ. అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. "గోడ మీంద దాటొద్దు! ఆడ వాకిలి ఉండాదే, కనపడలే? వాకిట్లోంచి తీసుకరాండి!"

తూర్పు గోడలో ద్వారబంధం కోసమని రెండడుగుల సందు వదిలి పునాది కట్టారు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక్కి అడుగు వేశారు. గోడ చుట్టూ తిరిగి, ఆ సందు దగ్గర ఆగి, ఒక్కొక్కరే సర్దుకుంటూ, మోకాళ్ళు గోడకు గీసుకుంటూ, ఆయన్ని లోపలికి తెచ్చారు.

పండబెట్టాక ఆమె తల దగ్గర కూర్చుని, చీర కొంగు ఎండకు అడ్డం పట్టింది. నన్ను చూసి, "రా అక్కా, లోపలికి రా" అంది.

నేను చెప్పులు బయట విడిచి, ఆ సందులోంచే లోపలికి వెళ్ళాను.